తోడేలు ఇచ్చిన తాళంచెవి

అరసవల్లి, శ్రీకాకుళం
జూన్ 18

ఒసే వదినా,

వందనాలు. హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ దీవెనా అని పిలిచి, తలగడలు విసిరి, నీ కొబ్బరినూనె దొంగిలించిన దాన్ని. మా అన్నయ్యని కట్టుకుని వదినవైపోయావు. రెండేళ్ళయినా ఆ పిలుపు నోటికి కొత్తగానే ఉంది. నిన్ను మా ఇంటికి తెచ్చింది నేనే కాబట్టి ఎవర్నీ అనడానికి లేదు.

మొన్న మీ స్కూలు టీచరు శ్రావణి ఫోన్ నుంచి నువ్వు మాట్లాడిన రెండు ముక్కలూ అర్థమయ్యీ కాకుండా ఉన్నాయి. నీ ఫోన్ పనిచెయ్యడం లేదన్నావు. ఉత్తరం రాయమన్నావు. అదీ ఇంటికి కాదు, స్కూలు అడ్రసుకట. ఎందుకే అని అడిగేలోపు పెట్టేశావు. అన్నయ్యని అడిగితే, "పాడైపోనాదే, బాగుసేయించాల, తీరిక లేదు" అన్నాడు. తన మెడికల్ షాపు పక్కనే సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంటే తీరిక లేదంటాడేమిటో! నువ్వే పోరుపెట్టు.

సరే, ఈ ఉత్తరంతో పాటు ఓ లావుపాటి ఇంగ్లీషు నవల పంపుతున్నాను. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర పాత పుస్తకాలతను తూకానికి అమ్మేస్తుంటే తెచ్చాను. కాలేజీ లైబ్రరీలో ఇన్ని వేల పుస్తకాల మధ్య ఉద్యోగం చేస్తూ రోడ్డు మీద కొన్నానని నవ్వకు. ఇలాంటివి మా ప్రిన్సిపాలు కొననివ్వడు.

విక్టోరియా రాణి కాలం లండన్. కానీ అంతా ఆవిరి మీదే నడుస్తుంది. ఆవిరి బళ్ళు, ఆవిరి చేతులు, ఇత్తడి రెక్కలతో ఆకాశంలో ఎగిరే ఓడలు. ఊళ్ళో రక్తపిశాచులు, తోడేలు మనుషులు మామూలు జనంతో కలిసి సంసారాలు చేస్తుంటారు, పన్నులు కడుతుంటారు. ఎడిత్ అనే అమ్మాయి ఆ ఓడల యంత్రాలు బాగుచేస్తుంది. ఓడ కెప్టెన్ హాల్డెన్ పున్నమికి తోడేలైపోతాడు. ఇద్దరికీ ప్రేమ. ఎడిత్ అద్దెకుండే ఇంటి యజమానురాలు మిసెస్ పెటిగ్రూ రక్తపిశాచి. అద్దెకున్నవాళ్ళ రక్తం ముట్టనని స్టాంపు కాగితం మీద రాసిస్తుంది. మా ఇంటి ఓనరు సుభద్రమ్మగారు తెల్లారకుండానే లేచి సూర్యుడికి దణ్ణం పెట్టుకునే మనిషి. పెటిగ్రూని గనక ఈ ఊరు తీసుకొస్తే ఒక్క రథసప్తమికి బూడిదైపోతుంది పాపం.

చదివి ఎవరు నచ్చారో రాయి. కెప్టెన్ మాత్రం నా వాడు. పోటీకి రాకు.

నీ
ప్రిస్కిల్లా


శృంగవరపుకోట
జూలై 9

ఒసే ప్రిస్సీ,

నీ పుణ్యమా అని కూర రెండుసార్లు మాడింది. ఇలాంటి పుస్తకం ఒకటి ప్రపంచంలో ఉందని నాకు ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?

ఎక్కడ చదువుతున్నానో చెబితే నన్ను సంఘంలోంచి వెలివేస్తారు. పెళ్ళికి మీ అమ్మ మా ఇద్దరికీ ఒకేలాంటి గోధుమరంగు జిప్పు కవర్లు కొన్నారు కదా, బైబిళ్ళకి. ఆయనదొకటి, నాదొకటి. నీ నవల నా కవరులో అచ్చంగా సరిపోయింది. జిప్పు తీసి వంటింటి గుమ్మం దగ్గర కూర్చుంటే అత్తమ్మకి ఎంత సంబరమో! మొన్న స్త్రీల సమాజంలో అందరికీ చెప్పారట: "మా కోడలుపిల్ల కాళీ దొరికితే సాలు, బైబిలు వొదల్దు. మీరూ ఉన్నారు, ఏటి లాభం?" నా బైబిలు మాత్రం బీరువాలో చీరల మధ్య ఉంది. పొద్దున్నే దాన్నీ చదువుతున్నానులే. దేవుడు క్షమిస్తాడు. ఆయనకి ఓ నవ్వు కూడా వస్తే ఇంకా మంచిది.

థేమ్స్ నది మీద పొగమంచులో ఓడ ఆగిపోయినప్పుడు ఎడిత్ జడపిన్నుతో ఆవిరి గొట్టం బాగుచేసింది చూడు, అక్కడ లేచి నిలబడిపోయాను. అప్పట్నుంచి కుక్కర్ కూతేస్తే నాకు గాల్లో తేలినట్టు ఉంటుంది. అరకు రైలు కూత వినబడినా పట్టాల వైపు కాదు, పైకి చూస్తున్నాను. పిల్లలకి ఆరో తరగతిలో ఆవిరి యంత్రం పాఠం చెబుతూ ఇత్తడి రెక్కల దాకా వెళ్ళిపోయాను. శ్రావణి పక్క క్లాసులోంచి వచ్చి నవ్వింది.

కెప్టెన్ తోడేలుగా మారే ముందు చెవులు ఎర్రబడతాయని రచయిత్రి రాసింది. మాట మామూలుగానే ఉంటుందట, నవ్వూ ఉంటుందట, చెవులు మాత్రం ఎర్రబడతాయట. చాలా బాగా రాసింది. అలాంటిది దగ్గర్నుంచి చూసినవాళ్ళకే తెలుస్తుంది.

ఆయన షాపు మూసి వచ్చేలోపు పుస్తకం మూసేస్తాను. కాబట్టి నిదానంగానే సాగుతోంది. అయిపోకూడదనీ ఉంది.

ఫోన్ ఇంకా బాగవలేదు. స్కూలుకే రాయి.

దీవెన


అరసవల్లి
ఆగస్టు 12

వదినా,

బైబిలు కవరు సంగతి చదివి లైబ్రరీలో గట్టిగా నవ్వాను. "ఏటమ్మా, ఒంట్లో బాగులేదేటి?" అన్నాడు మా అటెండరు నరసింగరావు. మా అమ్మ మురిపెం తలుచుకుంటే ఇంకా నవ్వొస్తోంది. పరలోకంలో నీకు కిరీటం ఖాయమనుకుంటుంది ఆవిడ.

మొన్న ఇక్కడ సంఘాల కూడికకి అన్నయ్య వచ్చాడు. పాట ఎత్తుకునేసరికి హాలంతా కళ్ళు మూసుకుంది. నా పక్కన కూర్చున్న ఆవిడ, "ఎలీషా మీ అన్నయ్యేనా? ఆ ఇల్లాలు ఎంత పెట్టి పుట్టిందో" అంది. గర్వంగానే ఉంది నాకు. నిన్నెందుకు తేలేదంటే, "వొంట్లో బాగోలేదే దానికి, పడుకున్నాది" అన్నాడు. ఏమిటే ఆ బాగోకపోవడం? అత్తని కాబోతున్నానా? నా దగ్గర దాస్తే ఊరుకోను.

పంజరం అధ్యాయం వచ్చిందా? పున్నమి సాయంత్రం కెప్టెన్ ఇత్తడి పంజరంలోకి వెళ్ళి, తాళంచెవి ఎడిత్ చేతిలో పెట్టి, "ఉదయం దాకా నేనేమన్నా తియ్యకు" అంటాడు. నా గుండె కరిగి నీరైపోయింది. తెల్లారి మళ్ళీ మనిషై, సిగ్గుపడుతూ కూర్చుంటే ఎడిత్ వేడివేడి టీ పోస్తుంది. అంత మృగమూ ప్రేమ ముందు పిల్లిపిల్ల అయిపోతుంది. నాకూ అలాంటి తోడేలొకడు దొరికితే ఈ పెళ్ళిచూపుల బాధ తప్పును.

వెంటనే రాయి. కబుర్లన్నీ రాయి.

ప్రిస్కిల్లా


శృంగవరపుకోట
సెప్టెంబరు 3

ప్రిస్కిల్లా,

నువ్వు అనుకున్నదేమీ లేదు. జ్వరమూ కాదు. ఆ రోజు ప్రయాణం చేసేలా లేను, అంతే.

పంజరం అధ్యాయం అయింది. దాని తర్వాతది కూడా అయింది. రెండో పున్నమికి పంజరం గడియ ఊడిపోయి ఎడిత్‌కి భుజం మీద గోళ్ళు దిగుతాయి కదా. ఆమె కట్టు కట్టుకుంటూ, గడియ నేనే సరిగ్గా చూసుకోలేదు, తప్పు నాదే అనుకుంటుంది. పొడుగు చేతుల గౌను తొడుక్కుని విందుకి వెళుతుంది. అందరూ ఆ గౌను బాగుందంటారు. ఆ పేజీ దగ్గర ఆగిపోయాను. నాలుగు రోజులు ముట్టుకోలేదు. ఈ ఉక్కలో పొడుగు చేతుల జాకెట్టేమిటే అని శ్రావణి నన్ను అడిగింది కూడా ఆ వారమే.

ఎడిత్‌కి పుట్టిల్లు ఎందుకు లేదు? రాసినావిడ కావాలనే తీసేసిందేమో. నాకైతే ఉంది. మా నాన్నకి చెప్పాను. "సర్దుకోవాల తల్లీ, మంచి సంబంధం, నలుగుర్లో పేరున్నోడు" అన్నాడు.

తెల్లారి మనిషైపోతే సరిపోతుందా? నువ్వు లైబ్రరీలో ఉంటావు, చదువుకున్నదానివి, చెప్పు. టీ పోస్తే సరిపోతుందా?

దీవెన


అరసవల్లి
సెప్టెంబరు 21

వదినకి,

నీ ఉత్తరం చదివి జవాబు రాయబుద్ధి కాక ఇన్నాళ్ళు ఊరుకున్నాను. ఉన్నమాట చెబుతున్నాను.

నవల గురించి రాస్తున్నావా, ఇంకెవరి గురించైనా రాస్తున్నావా? ఏదైనా ఉంటే తిన్నగా చెప్పు. సరదాగా చదువుకుంటావని పుస్తకం పంపితే నువ్వందులోంచి ఏవేవో తవ్వుతున్నావు. అన్నయ్యకి కోపం ఉంది, ఒప్పుకుంటాను. నాన్న పోయాక ఇంటి బరువు మోసినవాడు. కోపం రాని మగాడెవడు? కానీ అలాంటివాడు కాదు. ఆదివారం బడిలో పిల్లలంతా అతని ఒళ్ళోనే కూర్చుంటారు. కాలవలో పడిన కుక్కపిల్లని ఇంటికి తెచ్చి పాలు పట్టినవాడు.

అమ్మకి ఫోన్ చేసి అడిగాను. "మీ వొదిన సుబ్బరంగా ఉన్నాదే. దానికేటి తక్కువ? బైబిలు సదువుకుంటన్నాది" అంది. అమ్మ ఆ ఇంట్లోనే ఉంది కదా. ఏదైనా ఉంటే ఆవిడ చూడదా?

ఊరికే మనసు పాడుచేసుకోకు. స్కూలు పని తగ్గించుకో. మిగిలిన అధ్యాయాలు బాగుంటాయి, చదివెయ్యి.

ప్రిస్కిల్లా


శృంగవరపుకోట
అక్టోబరు 14

ప్రిస్కిల్లా,

తిన్నగా చెప్పమన్నావు కదా, చెబుతున్నాను. పూర్తిగా చదివాకే నమ్మాలో వద్దో తేల్చుకో.

పోయిన బుధవారం సాయంత్రం సంఘపెద్ద సత్యరాజుగారింట్లో గృహకూడిక. పాస్టరుగారు ఊళ్ళో లేరు, వాక్యం మీ అన్నయ్యే చెప్పాలి. బయల్దేరే హడావుడిలో ఆయన బల్లమీదున్న కవరు తీసుకున్నారు. రెండూ ఒకేలా ఉంటాయని నీకు తెలుసు. ఆయనది మంచం మీదే ఉండిపోయింది. వీధిలో సగం దూరం వెళ్ళాక చూశాను నేను. ఆయన చంకలో ఉన్న కవరు జిప్పుకి నేను కట్టుకున్న ఎర్రదారం వేలాడుతోంది. చెప్పాలా వద్దా అనుకుంటూనే ఇల్లు వచ్చేసింది.

పాట అయ్యాక అందరూ తలలు వంచుకున్నారు. ఆయన జిప్పు తీసి కీర్తనల గ్రంథం అని చెప్పి తెరిచారు. అట్ట మీద భుజాలు కనిపించే గౌనులో ఎడిత్, పక్కన పొడుగు టోపీ పెట్టుకున్న తోడేలు. ముందు వరసలో కూర్చున్న సత్యరాజుగారి మనవరాలు చూసేసింది. "తాతా, నక్క టోపీ ఎట్టుకున్నాది!" అంది. అందరూ తలలెత్తారు. ఎవరో కిసుక్కుమన్నారు.

మీ అన్నయ్య కూడా నవ్వారు. పుస్తకం మూసి, కీర్తన చూడకుండానే చెప్పేసి, మంచి పాట పాడి ముగించారు. ఇంటికి వచ్చేటప్పుడు వీధంతా చూసేలా నా చెయ్యి పట్టుకుని నడిచారు. దీపాల వెలుతుర్లో చెవులు ఎర్రగా ఉన్నాయి.

"ఏటిది? మీటింగులో నా పరువు తియ్యడానికి పెట్టినావా? ఏటిదని అడుగుతన్నాను." ఇంట్లోకి రాగానే ఇదే మాట మళ్ళీ మళ్ళీ. నా ఎడమచెయ్యి మణికట్టు దగ్గర విరిగిందో బెణికిందో తెలీదు, కదలడం లేదు. మిగతాది రాయను. అత్తమ్మ వంటింట్లో గట్టిగా పాట మొదలుపెట్టారు. నేను ఎంత అరిస్తే ఆవిడ అంత గట్టిగా పాడారు. ఇది మొదటిసారి కాదు. ఫోన్ పాడవలేదు, గోడకి వేసి కొట్టారు. సంఘాల కూడికప్పుడు నా ముఖం నలుగురికీ చూపించేలా లేదు.

పుస్తకాన్ని చింపి స్నానాల నీళ్ళ బాయిలర్‌లో వేశారు. పొద్దున్న ఆ నీళ్ళే నాకు తోడారు. తోడి, ఏడ్చారు. షాపు నుంచి మందు తెచ్చి చేతికి రాశారు. టీ ఆయనే పెట్టారు. నేను తాగాను. ప్రతిసారీ తాగుతాను. ప్రిస్సీ, నువ్వు అంత మెచ్చుకున్న ఆ టీ రుచి నాకు తెలుసు.

షాపుకి వెళ్ళేముందు గది బయట తాళం వేశారు. అప్పట్నుంచి రోజూ అంతే. స్కూల్లో టైఫాయిడ్ అని చెప్పారట. అత్తమ్మ కిటికీలోంచి కంచం అందిస్తారు. శ్రావణి నమ్మక, పెరటివైపు నుంచి వచ్చి చూసింది. ఈ ఉత్తరం ఆమె ఇచ్చిన కాగితాల మీద, ఆమె పెన్నుతోనే రాస్తున్నాను. ఊచల్లోంచి ఆమెకే ఇస్తాను.

గదిలో ఏమీ తోచక ఆ నవలే తలుచుకుంటున్నాను. నువ్వు కెప్టెన్ మీద మనసుపడ్డావు. నేనూ పడ్డాను, నీకు చెప్పలేదు. ఇప్పుడు తెలిసింది ఎందుకో. అతను తాళంచెవి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. పంజరంలోకి తను వెళ్ళాడు. మా ఇంట్లో పంజరంలో నేనున్నాను, తాళంచెవి ఆయన జేబులో ఉంది.

నాకు భయంగా ఉంది. నీకు కాకపోతే ఇంకెవరికి రాయను?

దీవెన


అరసవల్లి
అక్టోబరు 16

దీవెనా,

వదినా అని పిలవను ఇంక. నువ్వు నా దీవెనవి.

నమ్మాను. అన్నయ్య చెవులు నాకు తెలియనివా? నీ మొదటి ఉత్తరంలో ఆ మాట దగ్గర ఆగాను. ఆగి, కెప్టెన్ గురించే అనుకుని దాటేశాను. పోయిన నెల అలా రాసినందుకు సిగ్గుతో చచ్చిపోతున్నాను. ఆ ఏడుపు తర్వాత ఏడుస్తాను.

శ్రావణితో ఫోన్లో మాట్లాడాను. ఈ కవరు ఆమె పేరున కొరియర్లో పంపుతున్నాను. ఇందులో ఉన్న తాళంచెవి నా గదిది. చేతిలో ఉంచుకో. శుక్రవారం అన్నయ్య షాపులో ఉండగా వస్తాను. తాళం తియ్యమని అమ్మని అడుగుతాను. లేదంటే శ్రావణి వాళ్ళాయన ధనరాజ్ గడ్డపార తెస్తానన్నాడు. నువ్వు శ్రావణితో విజయనగరం వెళ్ళి, ముందు ఆసుపత్రిలో చెయ్యి చూపించుకుని, అక్కడే బస్సెక్కి మా ఇంటికి వెళ్ళిపో. ఆసుపత్రి చీటీ పారెయ్యకు, పోలీసులకి కావాలి. సుభద్రమ్మగారికి అంతా చెప్పాను. "నా ఇంటి గుమ్మం తొక్కమను సూస్తాను" అన్నారు ఆవిడ.

నేను నీతో రాను. అక్కడ ఉండాలి. అన్నయ్య ఇంటికి వచ్చేసరికి ఆ గుమ్మంలో ఎవరో ఒకరు నిలబడాలి కదా.

ప్రిస్కిల్లా


శృంగవరపుకోట
అక్టోబరు 19

దీవెనా,

చేతికి పిండికట్టు వేశారని శ్రావణి చెప్పింది. విరిగిందన్నమాట.

నువ్వు వెళ్ళాక ఏం జరిగిందో చెబుతాను. ధనరాజ్ తాళం పగలగొడుతుంటే అమ్మ ఎంత ఏడ్చిందో చూశావు కదా, "తాళంసెవి నా కాడ నేదే, నా కాడ నేదే" అని. అన్నయ్య సాయంత్రం వచ్చాడు. విరిగిన తాళం చూశాడు, నన్ను చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. గుమ్మంలోంచి కదల్లేదు నేను. "ఆ దెయ్యాల పుస్తకం మా ఇంటికి అంపింది నువ్వే. ఇదంతా నీ వల్లే వచ్చినాది" అన్నాడు. అవును, నేనే పంపాను అన్నాను. ఆ పుస్తకంలో తోడేలు తన తాళం తనే వేయించుకుంటాడు, నీకు ఆపాటి సిగ్గు లేదు అన్నాను. చెయ్యి ఎత్తాడు. ఈసారి అమ్మ పాట పాడలేదు. మధ్యలోకి వచ్చి నిలబడింది. చెయ్యి దించేసి బయటకి వెళ్ళిపోయాడు.

తర్వాత అమ్మ నా పక్కన కూర్చుని, కొంగు ముడి విప్పి, ఆ గది రెండో తాళంచెవి నా ఒళ్ళో పెట్టింది. ఇన్నాళ్ళూ ఆవిడ దగ్గరే ఉంది దీవెనా. "మీ నానగారి కాలంలో నాకు తాళం తీసినోలు ఎవులూ నేరే" అంది. కోపంతో అరవాలనీ, ఆవిడ తల నిమరాలనీ అనిపించింది. రెండూ చెయ్యలేదు.

సత్యరాజుగారింటికి వెళ్ళి, సంఘపెద్దలంతా అన్నయ్యతో మాట్లాడాలని అడిగాను. "ఇంటిగుట్టు బయటెట్టుకోకమ్మా, పార్దన సేద్దాం" అన్నారు. చెయ్యండి, నేనూ చేస్తాను, అయితే కేసు కూడా పెడతాం అన్నాను.

పొద్దున్న అన్నయ్య మనిషై వచ్చాడు. ఏడ్చాడు. టీ పెట్టి నాకు ఇచ్చాడు. నా అన్నయ్యే దీవెనా, నన్ను భుజాల మీద మోసినవాడు. ఆ టీ చల్లారిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను, తాగలేదు.

అక్కడికి వస్తాడేమో. జాగ్రత్త.

ప్రిస్కిల్లా


అరసవల్లి, శ్రీకాకుళం
అక్టోబరు 22

ఒసే ప్రిస్సీ,

వచ్చారు. నిన్న పొద్దున్న.

సుభద్రమ్మగారు గుడికి వెళ్ళారు, నేనొక్కదాన్నే ఉన్నాను. మెట్ల మీద అడుగుల చప్పుడు పోల్చుకున్నాను. తలుపు కొట్టలేదు. "దీవెనా, నానే. తలుపు తియ్యి. ఒక్కసారి సూసి ఎల్లిపోతాను" అన్నారు. ఆ గొంతు నీకు తెలుసు కదా. తలుపు సందులోంచి చూశాను. ఇస్త్రీ చొక్కా, తడి తల, చేతిలో పళ్ళ సంచి. చెవులు మామూలుగానే ఉన్నాయి. ప్రిస్సీ, నాకు తియ్యాలనిపించింది. నీ దగ్గర దాచను. చెయ్యి గొళ్ళెం దాకా వెళ్ళింది.

అప్పుడు అనుకున్నాను, పొద్దున్నపూట ఆయన ఎప్పుడూ మనిషే. కెప్టెన్ ఉదయం దాకా తియ్యకు అన్నాడు. నాకు ఉదయమైనా తియ్యకూడదు. పిండికట్టున్న చేతిని ఒళ్ళో పెట్టుకుని తలుపుకి ఆనుకుని కింద కూర్చున్నాను. ఆయన మాట్లాడుతూనే ఉన్నారు. బతిమాలారు. పాడారు కూడా. నేను తియ్యలేదు. చివరికి మాట గరుకెక్కింది, నువ్వు ఎన్నడూ విననంత చెడ్డ తిట్టొకటి తిట్టి, తలుపుని ఒక్క తన్ను తన్ని దిగిపోయారు. పళ్ళ సంచి మెట్ల మీదే ఉంది.

భయం పోలేదు. మళ్ళీ వస్తారు. కేసంటే ఎన్నాళ్ళు తిరగాలో, స్కూలుకి ఎలా వెళ్ళాలో, మా నాన్న ఏమంటాడో, ఒక్కటీ తెలీదు. రాత్రి మెలకువ వస్తే ఎక్కడున్నానో గుర్తు రావడానికి కాసేపు పడుతోంది.

ఒక పని చెయ్యి. వచ్చేటప్పుడు ఆ పాత పుస్తకాలతన్ని అడిగి చూడు, అలాంటిది ఇంకొకటి ఉందేమో. నాకు ఆ నవల ఇంకా ఇష్టమే. చివరి అధ్యాయం మిగిలిపోయింది. ఎడిత్ ఏమైందో నువ్వు చెప్పకు, నేనే చదువుకుంటాను. ఈసారి కవరు అక్కర్లేదు.

ఆయన వెళ్ళాక చాలాసేపు అలాగే కూర్చున్నాను. ఆ ఇంట్లో గడియ ఎప్పుడూ బయటే ఉండేది. ఇక్కడ గొళ్ళెం లోపల ఉంది. వేసింది నేనే. సుభద్రమ్మగారు వచ్చి పిలిచాక తీసిందీ నేనే.

నీ
దీవెన